సమస్యాపూరణం: దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

నిర్వాహకులు:
ఈ వారం సమస్య తేటగీతి పద్యానికి నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు రాసి పద్యాన్ని పూరించాలి.

దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

గణాలు (గురులఘువుల జట్లు): దయ్య (హ), ములువచ్చి (సల), తట్టగా (ర), తల్లి (హ), మురిసె (న). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, ద–త. ప్రాస నియమం లేదు, ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. సందర్భం అమెరికాలోని తెలుగువారి ఇంట అక్టోబర్ 31 సాయంత్రం, అంటే పిల్లలు దయ్యాల వేషాలతో ఇంటింటికీ మిఠాయికి వెళ్ళే హాలోవీన్. తల్లిని కాళికను చేసి, దయ్యాలను ఆమె పరివారంగా మార్చే పాతదారి అందరికీ తెలిసిందే, ఈసారి దాన్ని పక్కన పెడదాం. ఛందస్సుతోపాటు పద్యంలోని విషయాన్ని కూడా పరిశీలిస్తాం. పద్యంలో చెప్పినట్లు చేస్తే పండుగ సవ్యంగా జరగాలి.

పూరణ – తేటనీరు:

ముసుగు తొడిగిన చిన్నారి మూక గూడి
సంచి చేతను బట్టి యీ సందెవేళ
దీపముల్ వెల్గు వాకిట తీపి కోరు
దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

నిర్వాహకులు:
తేటనీరు గారూ, నిర్దోషంగా ఉంది. అభినందనలు. మూడో పాదం ఆయువుపట్టు. వాకిట దీపం వెలుగుతుంటే రమ్మని, ఆరి ఉంటే రావద్దని అక్కడి ఒప్పందం. మీరు ఉపన్యాసం లేకుండా ఒక్క విశేషణంలో చెప్పేశారు.

పడమటిగాలి:
'సందెవేళ' గురించి ఒక మాట. 2007 నుంచి అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పేది నవంబరు మొదటి ఆదివారం. కాబట్టి హాలోవీన్ ఎప్పుడూ వేసవి సమయంలోనే, అంటే గడియారం గంట ముందుకు జరిపి ఉండగానే వస్తుంది. సియాటిల్‌లో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది, డల్లాస్‌లో ఆరున్నర దాటుతుంది. బుడిబుడి నడకల పిల్లలు వెలుతురుండగానే, అయిదున్నర ప్రాంతంలోనే బయల్దేరతారు. పెద్దపిల్లలు ఎనిమిది దాకా తిరుగుతారు. కొన్ని ఊళ్ళు వేళలు తామే ప్రకటిస్తాయి, రోజు కూడా మారవచ్చు. ఐవా రాష్ట్రంలోని డి మోయిన్‌లో దశాబ్దాలపాటు అక్టోబర్ 30నే ఈ తతంగం నడిచింది. అక్కడ పిల్లలు ఒక జోకు చెబితేగానీ మిఠాయి చేతిలో పడదు. కొత్తగా చేరినవాళ్ళు నగరపాలక సంస్థ ప్రకటన చూసుకోవాలి.

ఇంకొకటి. అపార్ట్‌మెంట్లలో వరండా దీపం యాజమాన్యం చేతిలో ఉంటుంది, రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. అక్కడ 'దీపముల్ వెల్గు' గుర్తుగా పనికిరాదు. తలుపుకు ఒక గుమ్మడి బొమ్మ అంటించాలి.

పూరణ – గుమ్మడితీగ:

గుమ్మడిని దొల్చి కన్నులు గుండ్రముగను
కోసి లోపల దీపము కూర్చి యుంచ
దారి తెలిసినయట్లుగా దండుగట్టి
దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

నిర్వాహకులు:
ధార చక్కగా ఉంది. రెండో పాదంలో కో–కూ యతి సరిపోయింది. మూడో పాదం ఎత్తుగడ ముచ్చటగా ఉంది.

లఘువు:
ఛందస్సులో తప్పు లేదు కానీ 'గుండ్రముగను' దగ్గర చెయ్యి తెగుతుంది. గుమ్మడి చర్మం గట్టిది, వంటింటి కత్తి అందులో ఇరుక్కుంటే వంపు తిరగదు. బలం పెట్టి తిప్పగానే జారి రెండో చేతి మీదకు వస్తుంది. మొదటిసారి కోసేవాళ్ళకు తిన్నని గీతలే క్షేమం, అందుకే ముక్కోణపు కళ్ళు. పాదాన్ని ఇలా మార్చవచ్చు:

గుమ్మడిని దొల్చి కన్నులు కోణములుగ

గు–కో యతి నిలిచింది, గణాలూ సరిపోయాయి. కత్తి బదులు సీజనులో దుకాణాల్లో దొరికే సన్నపళ్ళ చిన్న రంపం వాడండి. అది నెమ్మదిగా కోస్తుంది, మెలి తిరుగుతుంది.

గుమ్మడితీగ:
సవరణ స్వీకరించాను, లఘువు గారూ. 'దొల్చి' అన్న ఒక్క ముక్కలో చాలా పని దాగి ఉంది, అదీ చెప్పేస్తాను.

కాయ ఎంచుకునేటప్పుడు అడుగు చదునుగా ఉందో లేదో, తొడిమ గట్టిగా ఉందో లేదో చూడాలి. బొటనవేలితో నొక్కితే ఎక్కడా మెత్తబడకూడదు. తొడిమ పట్టుకుని ఎత్తకండి, ఊడితే ఆ గుంటలోంచే కుళ్ళు మొదలవుతుంది. మూతను నిటారుగా కోస్తే లోపలికి జారిపోతుంది. రంపాన్ని లోపలికి వాల్చి ఏటవాలుగా కోస్తే మూత అంచు మీద కూర్చుంటుంది. ఎలక్ట్రిక్ దీపమైతే పైన ముట్టుకోకుండా అడుగునే కోసి, కాయను దీపం మీద బోర్లించడం మేలు. మైనపు వత్తి పెట్టేవాళ్ళు మాత్రం పైనే కోసి, పొగ పోవడానికి మూతలో ఒక రంధ్రం చేయాలి.

గింజలు, పీచు తీశాక ముఖం చెక్కే వైపు గోడను గరిటెతో గీకి సుమారు ఒక అంగుళం మందానికి తేవాలి. అంతకంటే మందమైతే వెలుగు బయటికి రాదు, మరీ పలుచనైతే రెండోనాటికే పెదవులు లోపలికి ముడుచుకుపోతాయి. కాగితం మీద ముఖం గీసి, కాయకు అంటించి, గీత వెంబడి పిన్నుతో చుక్కలు పొడవండి. ముందు కళ్ళు, ముక్కు, చివర నోరు. నోరు ముందే కోస్తే కాయ బలం పోయి, కళ్ళు కోస్తుండగా పళ్ళు విరుగుతాయి.

పడమటిగాలి:
ఎప్పుడు చెక్కాలో కూడా చెప్పాలి. చెక్కిన కాయ వారం నిలిస్తే అదృష్టం. టెక్సస్, ఫ్లోరిడా ఎండల్లో రెండు మూడు రోజులకే బూజు పడుతుంది. కాబట్టి 29నో 30నో చెక్కాలి. గాలన్ నీళ్ళకు ఒక టేబుల్ స్పూను బ్లీచ్ కలిపి లోపలా అంచులకూ చల్లి, ఆరాక కోసిన అంచులకు పెట్రోలియం జెల్లీ పూస్తే ఎండిపోవడం కాస్త తగ్గుతుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో తిప్పలు వేరు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితే కాయ గుజ్జవుతుంది. మంచు హెచ్చరిక ఉంటే గ్యారేజీలో పెట్టాలి.

చెక్కుడు గుమ్మడి గుజ్జుతో దప్పళం పెట్టాలని చూడకండి. ఆ హౌడెన్ లాంటి రకాలు చెక్కడానికి పెంచినవి, నీరూ పీచూ తప్ప రుచి ఉండదు. దప్పళానికి చిన్న 'షుగర్ పై' గుమ్మడి కొనుక్కోండి. గింజలు మాత్రం ఏ కాయవైనా వేయించుకోవచ్చు.

పూరణ – నిశాపతి:

మాంసమంటని మిఠాయి మరల వెదకి
పొట్లమును దిప్పి దినుసులు పూర్తి చదివి
తెచ్చి పెట్టిన పిమ్మట తెల్లదుస్తు
దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

నిర్వాహకులు:
నిశాపతి గారూ, భావం కొత్తది. మొదటి పాదంలో 'మిఠాయి' జగణం, ఇంద్రగణాల్లో చేరదు, కానీ ఇంద్రగణం ఉండాల్సిన చోట పడింది. 'మాంసమంటని చాక్లెట్లు మరల వెదకి' అంటే తగణంతో సరిపోతుంది. 'తెల్లదుస్తు దయ్యములు' అని పాదం దాటించిన తీరు బాగుంది.

లఘువు:
'దినుసులు పూర్తి చదివి' అన్నది శాకాహారులకు అక్షరాలా అవసరం. గమ్మీ మిఠాయిలు, మార్ష్‌మాలోలు, మూడు రంగుల క్యాండీ కార్న్, అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్, వీటన్నిటిలో సాధారణంగా జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. 'కన్ఫెక్షనర్స్ గ్లేజ్' అని కనిపిస్తే అది లక్క పురుగు నుంచి వచ్చే పూత. కోషర్ ముద్ర (యూదుల ఆహార నియమాలకు సరిపోతుందనే గుర్తు) చూసి నిశ్చింతగా ఉండకూడదు, చేప జెలటిన్‌కూ ఆ ముద్ర పడుతుంది.

చిక్కెక్కడంటే, చిన్న పొట్లాల మీద చాలాసార్లు దినుసుల పట్టిక ఉండదు. పెద్ద సంచి మీదే ఉంటుంది. ఆ సంచిని పారేసే ముందు ఫోటో తీసి ఉంచుకుంటే, అడిగిన తల్లిదండ్రులకు చూపించవచ్చు.

పూరణ – పడమటిగాలి:

కాలికడ్డము పడకుండ కత్తిరించి
అంచునను వెల్గు పట్టీల నతికి పంప
బండ్లు నడిపెడివారికి బయలుపడెడు
దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

నిర్వాహకులు:
ఎవరికీ కనబడకపోవడం దయ్యం లక్షణం. కంటబడే దయ్యాన్ని చూసి తల్లి మురిసిందనడంతో సమస్య అందంగా విడిపోయింది. ఇంతవరకు వచ్చినవాటిలో నాకు ఇదే మేలైనది. ఒక్క లోపం, కత్తిరించింది దేన్నో చెప్పలేదు. 'దుప్పటిని కాలి పొడవుకే తుంచి కుట్టి' అంటే కర్మపదం దొరుకుతుంది. 'పొడవుకే' వ్యావహారికమైనా ఇక్కడ చెల్లుతుంది.

తేటనీరు:
మెరిసే పట్టీ ముందు వైపే కాదు, వీపు మీద, మిఠాయి సంచి మీద కూడా అంటించాలి. బండి వెనకనుంచీ రావచ్చు. దుప్పటి దయ్యానికి కంటిరంధ్రాలు చిన్నవైతే పక్కచూపు పోతుంది, రోడ్డు దాటేటప్పుడు అదే ప్రమాదం. ముసుగు కంటే ముఖానికి రంగు నయం. ఆ రంగును ముందురోజు మోచేతి లోపల కొద్దిగా రాసి, దద్దురు వస్తుందేమో చూడాలి. చలి ప్రాంతాల్లో దుస్తు ఒక సైజు పెద్దది కొనండి, కోటు లోపల పట్టాలి. లేకపోతే ఎంతో మోజుపడి కొన్న వేషం కోటు కిందే దాగిపోతుంది. రంగు కాంటాక్ట్ లెన్సులు అలంకారానికైనా సరే, అమెరికాలో వైద్యుల చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. బజారులో ఎవరైనా అలా అమ్మజూపితే కొనవద్దు.

పూరణ – చిరుదివ్వె:

మిగులు చాక్లెట్లు లేవని దీపమార్ప
దీప మాఱిన యింటికి తిరిగి రాక
పొరుగువారింటి వాకిట పోగుపడుచు
దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

నిర్వాహకులు:
మొదటి పాదంలో గణాలు కుదిరాయి కానీ యతి తప్పింది. మి–దీలలో అచ్చులకు మైత్రి ఉంది, హల్లులకు లేదు. ప్రాసయతి కూడా కుదరదు. 'మిగులు చాక్లెట్లు లేవని మీట నొక్క' అనండి, 'దీప' పునరుక్తి కూడా పోతుంది. మురిసిన తల్లి పొరుగింటావిడ అని అన్వయించుకోవాలి, అది మూడో పాదం వల్ల తేలుతోంది.

గుమ్మడితీగ:
మీట నొక్కాల్సిన అవసరం రాకుండా చూడాలంటే సంచి బరువు కాదు, సంచిలో పొట్లాల లెక్క చూసి కొనాలి. నిరుడు ఎంతమంది వచ్చారో పాత పొరుగువారిని అడిగితే తెలుస్తుంది, వీధివీధికీ తేడా ఉంటుంది. మొదటి గంటలో ఒక్కొక్కరికి ఒకటే ఇవ్వండి. ఏడున్నర దాటాక రద్దీ తగ్గితే రెండేసి ఇవ్వవచ్చు. గిన్నె బయట పెట్టి 'ఒక్కటే తీసుకోండి' అని కాగితం అంటిస్తే మొదటి దండుకే గిన్నె ఖాళీ. ఇంట్లో చేసిన లడ్డూలు, అరిసెలు తెలియని పిల్లలకు ఇవ్వవద్దు. పొట్లం లేని తినుబండారాన్ని అక్కడి తల్లిదండ్రులు పారేస్తారు. నాలుగేళ్ళలోపు వారికి గట్టి మిఠాయి, బబుల్‌గమ్ వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

పూరణ – లఘువు:

పల్లి పడనట్టి పిల్లకు బాధ కలుగ
కుండ వేరుగ బొమ్మల గుట్ట నుంచ
నీలిగుమ్మడి చూపిన నెలవు దెలిసి
దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

నిర్వాహకులు:
'కలుగకుండ' ను పాదం చివర విరిచి కు–గు యతికి వాడుకున్నారు, బాగుంది. తెలియనివారి కోసం: ఫుడ్ అలెర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ సంస్థ 2014లో దేశమంతటా ప్రచారంలోకి తెచ్చిన గుర్తు ఇది. నీలాకుపచ్చ రంగు వేసిన గుమ్మడి వాకిట కనిపిస్తే, ఆ ఇంట తినేవి కాని కానుకలు కూడా ఉన్నాయని అర్థం.

నిశాపతి:
'వేరుగ' అన్న మాటే కీలకం. బొమ్మలూ చాక్లెట్లూ ఒకే గిన్నెలో పోస్తే గుర్తు పెట్టి లాభం లేదు, పొట్లం చినిగితే పొడి అంటుకుంటుంది. స్టిక్కర్లు, పెన్సిళ్ళు, వెలిగే కడ్డీలు సరిపోతాయి. ప్లే-డో (పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తని ముద్ద) మాత్రం వద్దు, అందులో గోధుమ ఉంటుంది.

పూరణ – తేటనీరు (రెండవది):

నాడె దీపావళియు గూడ నడచి రాగ
ముగ్గు చెంతను గుమ్మడి మోము నవ్వ
రెండు పండుగ లొకనాటి రేయి గలియ
దయ్యములు వచ్చి తట్టగా తల్లి మురిసె

నిర్వాహకులు:
'గుమ్మడి మోము నవ్వ' అన్నచోట కూష్మాండం దిష్టి తీసే ఇల్లు గుర్తొచ్చింది. 2024లో సరిగ్గా ఇలాగే అక్టోబర్ 31న రెండూ కలిశాయి. ప్రతి ఏడూ కలవవు కనుక 'నాడె' అవసరమే. అది లేకపోతే పద్యం పంచాంగానికి విరుద్ధమయ్యేది.

పడమటిగాలి:
కలిసిన ఏడు రెండు జాగ్రత్తలు. దీపావళి అమావాస్య గనుక ఆ రాత్రి వెన్నెల ఉండదు, పిల్లల చేతిలో టార్చి తప్పనిసరి. పైగా మెట్ల మీద ప్రమిదలు వరుసగా పెట్టడం మన అలవాటు. మంత్రగత్తె గౌను, రాకాసి తోక నేలను రాస్తూ వస్తాయి, అవి ఎక్కువగా పాలిస్టరువే. దుస్తు చీటీ మీద 'ఫ్లేమ్ రెసిస్టెంట్' అని ఉన్నా అది అంటుకోదని కాదు, తేలిగ్గా రగలదనీ, నిప్పు నుంచి తీస్తే త్వరగా ఆరుతుందనీ మాత్రమే అర్థం. ప్రమిదలు కిటికీ లోపలో, పిల్లల నడుముకు పైఎత్తు బల్ల మీదో పెట్టండి. మెట్లకు బ్యాటరీ దీపాలు చాలు. ముగ్గు దారి మధ్యలో కాక పక్కకు వేస్తే తెల్లారేదాకా నిలుస్తుంది.

నిర్వాహకులు:
ఈ సమస్యకు పూరణలు ముగిశాయి. వచ్చే వారానిది ఆటవెలది నాలుగో పాదం:

కుళ్ళు జూచి తోట కులుకులాడె

అయిదూ సూర్యగణాలే, యతి కు–కు. సందర్భం నవంబరు 1, వాకిట వాడిన గుమ్మడికాయలు. ఎరువు గుంటలో వేసేవారు గింజలు ముందే తీయాలి, లేకపోతే వసంతంలో తీగలు మొలుస్తాయి. రంగు పూసినవీ, మైనం కారినవీ, బ్లీచ్ చల్లినవీ అందులో వేయకూడదు. పూరణలో ఎవరైనా అలాంటి కాయను ఎరువు చేస్తే, యతి ఎంత చక్కగా కుదిరినా సవరణ తప్పదు.