పిల్లలకి యానిమేషన్ నేర్పిస్తే కథ చెప్పడం వస్తుందా, బొమ్మలు కదపడమే వస్తుందా?

కొత్తసభ్యురాలు: మా పాప నాలుగో తరగతి. వేసవి సెలవుల్లో యానిమేషన్ క్లాసులో చేర్పించమని ఒకటే పోరు. మా అత్తగారేమో "కథలు నేను చెప్తాగా, ఆ ఫోన్ల గోల ఎందుకు" అంటున్నారు. దీనివల్ల ఊహాశక్తి నిజంగా పెరుగుతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు: అత్తగారి మాటే రైటండి. మా నాయనమ్మ "అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు" అనగానే ఆ ఏడుగురి మొహాలూ మేమే కల్పించుకునేవాళ్ళం. నా రాజు వేరు, మా తమ్ముడి రాజు వేరు. తెరమీద బొమ్మ పడ్డాక ఇంక ఊహించుకోవడానికేం మిగులుతుంది?

నల్లబల్ల: చూడడం వేరు, చెయ్యడం వేరండి. నేను ధర్మవరం వైపు ప్రభుత్వ బడిలో టీచర్ని. మాకు కంప్యూటర్ లేదు. స్టూలు తిరగేసి, కాళ్ళకి అడ్డంగా రెండు స్కేళ్ళు కట్టి, వాటిమీద నా ఫోన్ పెడతాను. కింద పలక, పలకమీద చింతగింజలు. గింజని కాస్త జరపాలి, ఫొటో తియ్యాలి, మళ్ళీ జరపాలి. ఆ ఫొటోలన్నీ వరసగా వీడియోలో చూపిస్తే గింజ కదిలినట్టుంటుంది. వీడియోలో సెకనుకి 12 ఫొటోలు, 10 సెకన్లకి 120. కొంచెం జరిపితే గింజ నడుస్తుంది, ఎక్కువ జరిపితే పరిగెడుతుంది. ఇది నేను చెప్పలేదు, రెండో రోజుకి వాళ్ళే కనిపెట్టారు.

మూడో తరగతి పిల్ల ఒకతి గింజని గీత దాకా తెచ్చి ఆపేసింది. దాన్ని కదపకుండా వరసగా 15 ఫొటోలు తీసింది. "ఎందుకమ్మా, జరపడం మర్చిపోయావా?" అన్నాను. "లేదు సార్, దాటాలా వద్దా అని అది ఆలోచిస్తోంది" అంది. కథ చెప్పడం రావడమంటే ఇంతకన్నా ఏం కావాలి?

నైట్‌షిఫ్ట్: సెకనుకి 12 కాదు, 24. పిల్లలకి తప్పు నేర్పకండి.

నల్లబల్ల: సినిమాకి 24 ఫ్రేములే, అంటే సెకనుకి 24 సార్లు తెరమీద బొమ్మ పడుతుంది, కాదనను. కానీ చేత్తో గీసేవాళ్ళు ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచడం పాత పద్ధతే కదా. అలా చూస్తే 12 బొమ్మలు చాలు.

నైట్‌షిఫ్ట్: వేగంగా కదిలే షాట్లో 12 బొమ్మలు చాలవు, అదురుతుంది. 9 ఏళ్ళు హైదరాబాద్‌లో స్టూడియోలో పనిచేశాను, నాకు తెలీదా?

పెన్సిల్‌ముక్క: చింతగింజ అదిరితే కొంపేం మునగదు లెండి.

గోదారిగట్టు: నా ప్రశ్నకి జవాబు రాలేదు. మా పెద్దలు తెరా ఫోనూ లేకుండానే కథలు చెప్పారు.

నల్లబల్ల: తెర లేకుండా ఎక్కడండీ? తోలుబొమ్మలాట ఏమైంది? మా పక్కన నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలుతో బొమ్మలు చేస్తారు. చేతులు విడిగా కోసి దారంతో ముడి వేస్తారు, అందుకే ఒంటితో పని లేకుండా చెయ్యి ఊగుతుంది. ఆ కళకే 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. మా పిల్లలు అట్టముక్కలకి వేసేదీ ఆ ముడే.

గోదారిగట్టు: అక్కడ ఆడేది రామాయణం. అందరికీ తెలిసిన కథ. పిల్లల సొంత కథ సంగతి చెప్పండి.

నైట్‌షిఫ్ట్: సొంత కథా! ఆ 9 ఏళ్ళలో ఒక్క కథ నాది కాదు. ఎక్కడో రాసిన కథ, ఎవరో గీసిన బొమ్మ, పెదాలు కదపడం మా పని. చివరికి రెండు నెలల జీతం ఎగ్గొట్టి స్టూడియో మూసేశారు. దయచేసి పిల్లల్ని ఇందులోకి దింపకండి.

పెన్సిల్‌ముక్క: మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆవిడ అడిగింది ఉద్యోగం గురించి కాదండి, నాలుగో తరగతి పాప గురించి.

మియాపూర్అమ్మ: మా అనుభవం చెప్తాను. పోయినేడు మా బాబుని ఒక క్యాంపులో వేశాం. పది రోజులు, ఫీజు బాగానే గుంజారు. వాడి కథలో కాకి అబద్ధం ఆడుతుంది, ఎవరికీ దొరకదు, గూట్లో ఒక్కతే కూర్చుంటుంది. అంతే. చివరి రోజు మాకు చూపించిన వీడియోలో కాకి అందరికీ క్షమాపణ చెప్పింది, వెనక మ్యూజిక్. అందరూ చప్పట్లు. ఇంటికొచ్చాక వాడు "అది నా కాకి కాదు" అన్నాడు. మళ్ళీ బొమ్మ ముట్టుకోలేదు.

నల్లబల్ల: అది ఆ క్యాంపు తప్పు, యానిమేషన్ది కాదు. డబ్బులు తీసుకునేవాళ్ళని చూసి మమ్మల్ని కొలవకండి. నేను జీతం తప్ప పైసా ఆశించకుండా సాయంత్రాలు కూర్చుంటున్నాను. ఇక్కడ ప్రతివాళ్ళూ నన్ను నిలదీసేవాళ్ళే!

నైట్‌షిఫ్ట్: కోపం వద్దు మాస్టారూ. ఒక్కటి అడుగుతా. ఫొటోలన్నీ కలిపి వీడియో చేసేది ఎవరు?

నల్లబల్ల: నేనే. ఉన్నది ఒక్క ఫోన్. పిల్లలు వెళ్ళాక రాత్రి కూర్చుని చేస్తాను.

నైట్‌షిఫ్ట్: మరి ఆ 15 ఫొటోలు ఉంచారా?

గోదారిగట్టు: ఇదీ అడగాల్సిన ప్రశ్న.

నల్లబల్ల: ఇప్పుడే తీసి చూశాను. 4 ఉన్నాయి. వార్షికోత్సవానికి మాకిచ్చింది 20 నిమిషాలు, పిల్లలు 30 మందికి పైనే. బొమ్మ ఆగిపోయినట్టుందని నేనే తీసేశాను. అప్పుడు తప్పనిపించలేదు. ఆ పిల్ల చూసింది, ఏమీ అనలేదు.

మియాపూర్అమ్మ: మావాడూ అక్కడ ఏమీ అనలేదు సార్.

గోదారిగట్టు: నేను నాయనమ్మ కథ అన్నది ఇందుకేనండి. మేము మధ్యలో దూరి "అలా కాదు, రాజు చావడు" అంటే ఆవిడ సరేనని కథ మార్చేది. ఫోనైనా నోరైనా నాకు పట్టింపు లేదు. ఆ పిల్ల కథ మీద ఆ పిల్లదే మాట చెల్లాలి.

నల్లబల్ల: తీసేసిన ఫొటోలు ఫోన్లోనే ఉన్నాయి. సోమవారం ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఏది ఉంచాలో తనే చెప్తుంది.

నైట్‌షిఫ్ట్: తనకి నచ్చితే 15 కాదు, 30 పెట్టుకోనివ్వండి. 12 లెక్కనే చెయ్యండి, పర్లేదు.

కొత్తసభ్యురాలు: క్లాసులో చేర్పించే ముందు ఎడిటింగ్ ఎవరు చేస్తారో అడుగుతాను. మాస్టారూ, ఆ స్టూలు కట్టిన ఫొటో ఒకటి పెట్టగలరా? అత్తగారు చింతగింజలు తీస్తున్నారు.