"వెనుకటి గుణమేల మాను" – మానేది ఎవరు?

ప్రశ్న అడిగినవారు:
పరిణామ సిద్ధాంతం మనిషి స్వభావం గురించి ఏం చెబుతుందన్న విషయంపై మా కళాశాల విద్యార్థుల కోసం ఒక ఉపన్యాసం రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ ఒక పద్యపాదం నాలుక చివర ఆడుతూనే ఉంది: "వెనుకటి గుణమేల మాన్పు". కుక్కను సింహాసనం ఎక్కించే పద్యం అది. మా తాతగారు చదివినప్పుడు "మాన్పు" అనే విన్నట్టు జ్ఞాపకం. సరైన పాఠం ఏమిటో, "వెనుకటి" అంటే అక్కడ పూర్వజన్మో, పుట్టుకో, వంశమో పెద్దలెవరైనా చెబితే ఉపన్యాసాన్ని ఆ పద్యంతోనే మొదలుపెడతాను.

తెలుగు మాస్టారు:
అచ్చులో ఉన్న పాఠం "మాను". పద్యం పూర్తిగా ఇస్తున్నాను.

కనకపు సింహాసనమున
శునకముఁ గూర్చుండబెట్టి శుభలగ్నమునం
దొనరగఁ బట్టముఁ గట్టిన
వెనుకటి గుణమేల మాను వినరా సుమతీ

ఛందస్సును బట్టి మాత్రం మీ తాతగారి పాఠాన్ని తోసిపుచ్చలేము. కందంలో ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి. "ల మాను" జగణమే, "ల మాన్పు" కూడా జగణమే. యతి, ప్రాసలు రెండింటిలోనూ చెక్కుచెదరవు. కాబట్టి తీర్పు అర్థం మీదే ఆధారపడుతుంది. "మాన్పు" అంటే గుణాన్ని మాన్పించవలసింది పట్టాభిషేకం, అంటే బయటి పరిస్థితి. "మాను" అంటే ఆ ప్రశ్న కుక్క మీదికి వస్తుంది. నా దృష్టిలో చర్చంతా ఈ ఒక్క క్రియ మీదే జరగాలి. "వెనుకటి" తేలికైన మాట, అంతకుముందటిది అని చెప్పుకుంటే సరిపోతుంది.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు:
మాస్టారూ, "మాను" అన్నప్పుడు కూడా కర్త కుక్కేనని ఎలా నిర్ణయించారు? "వాడు చుట్ట మానాడు" అన్నప్పుడు మానినవాడు మనిషి. "పుండు మానింది" అన్నప్పుడు మానినది పుండే. పద్యంలో శునకమూ గుణమూ రెండూ అమహద్వాచకాలే, అంటే రెండింటికీ ఒకే క్రియారూపం వస్తుంది కనుక క్రియ మనకేమీ చెప్పదు. జడవాచకానికి ద్వితీయ బదులు ప్రథమ రావడం వ్యాకరణం ఒప్పుకున్నదే కనుక "గుణము" కర్త కావచ్చు, కర్మ కూడా కావచ్చు. కుక్క తన గుణాన్ని ఎందుకు మానుతుందన్నది ఒక అర్థం. ఆ గుణమే ఎందుకు మానుతుందన్నది రెండో అర్థం. నా శాస్త్రానికి సంబంధించినంతవరకు ఈ రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలు, వాటి జవాబులు కూడా వేర్వేరు.

మొదటి ప్రశ్నకు డార్విన్ దగ్గర ఉదాహరణ ఉంది. మనుషులలోనూ జంతువులలోనూ భావప్రకటన గురించి 1872లో ఆయన రాసిన గ్రంథంలో, తివాచీ మీదనో గట్టినేల మీదనో పడుకోబోయే కుక్క గుండ్రంగా తిరిగి ముందుకాళ్లతో నేలను ఎందుకు గీకుతుందో చెబుతాడు. దాని అడవి పూర్వీకులు గడ్డిని తొక్కి పడక చేసుకున్న అలవాటు, గడ్డి లేని చోట కూడా దాని ఒంట్లో మిగిలిపోయిందని ఆయన భావం. మా వీధికుక్కను రోజూ చూస్తాను. గేటు పక్కనున్న నాపరాయి మీద మూడు చుట్లు తిరిగి, రాతిని నాలుగుసార్లు బరికి, తోకను ముక్కు దగ్గరికి చుట్టుకుని అప్పుడు పడుకుంటుంది. ఆ రాతి మీద తొక్కడానికి గడ్డిపరక కూడా లేదు. కనకపు సింహాసనం మీద కూర్చోబెట్టినా అది చేసే మొదటి పని అదే. "వెనుకటి" అన్న మాట తేలికైనదని మీరన్నారు గాని, నాకు పద్యంలో అన్నిటికన్నా బరువైన మాటగా కనిపించేది అదే.

ఇక రెండో ప్రశ్న. 1959లో రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో జన్యుశాస్త్రవేత్త ద్మీత్రి బెల్యాయెవ్ బొచ్చు కోసం పెంచే నక్కలను తీసుకుని, ప్రతి తరంలోనూ మనిషిని చూసి తక్కువ బెదిరేవాటిని మాత్రమే ఈతకు ఎంచుకుంటూ పోయాడు. కొద్ది తరాలలోనే మనుషుల్ని చూసి తోక ఊపే, చేతులు నాకే నక్కపిల్లలు పుట్టాయి. ఏ నక్కా తన గుణాన్ని మానలేదు, గుణం మాత్రం వంశంలో మారింది. ఆ నక్కల పూర్వీకులు కెనడాలోని బొచ్చు క్షేత్రాల నుంచి వచ్చినవనీ, చెవులు వాలడం, మచ్చలు పడడం వంటి లక్షణాలు కొన్ని ముందే ఉన్నాయనీ 2019లో వచ్చిన విమర్శ సరైనదే. అయినా సాధుత్వం విషయంలో ఎంపిక పనిచేసిందన్న మాటకు దానివల్ల లోటు రాదు. అసలు కుక్క అన్నదే తోడేలు వంశంలో వెనుకటి గుణం మారగా వచ్చిన జంతువు.

సంస్కృతం చదువుకున్న సభ్యుడు:
ఈ పద్యానికి హితోపదేశంలో దగ్గరి బంధువు ఉంది. దాన్ని పక్కన పెట్టి "మాను" గురించి వాదించుకోవడం సబబుగా లేదు.

యః స్వభావో హి యస్యాస్తి స నిత్యం దురతిక్రమః
శ్వా యది క్రియతే రాజా తత్కిం నాశ్నాత్యుపానహమ్

కుక్కను రాజును చేసినా చెప్పు కొరకకుండా ఉంటుందా అని శ్లోకం అడుగుతుంది. అక్కడున్న మాట స్వభావం, అంటే తనదైన ఉనికి. దానికి మొదలు లేదు, కాలం లేదు. తెలుగు పద్యంలో ఆ చోట "వెనుకటి గుణము" ఉంది. వెనుక అన్నామంటే ముందు ఒకటి ఉంది, ఆ రెంటి మధ్య కాలం నడిచింది. తెలుగు కవి స్వభావానికి చరిత్రను జోడించాడని నా సిద్ధాంతం. పరిణామ సిద్ధాంతం మనిషి స్వభావానికి చేసినది కూడా సరిగ్గా ఇదే. నిత్యమైన సారం ఒకటి మనిషి లోపల కూర్చుని ఉందన్న భావనను తీసివేసి, ఆ స్థానంలో ఒక వంశచరిత్రను పెట్టింది. కాబట్టి ఉపన్యాసానికి మొదటి వాక్యంగా శ్లోకం పనికిరాదు, తెలుగు పద్యమే పనికివస్తుంది. మాస్టారు "మాను" దగ్గర ఆగిపోయి "వెనుకటి"ని వదిలేయడం నాకు బాధ కలిగించింది.

తెలుగు మాస్టారు:
బాధపడవలసిన పని లేదు. కవి ఉద్దేశంలో "వెనుకటి" అంటే పట్టం కట్టక ముందటిది అనే. లక్షల ఏళ్ల చరిత్ర ఆయన తలంపులో ఉన్నదనడానికి పద్యంలో ఆధారం లేదు. మీరు చెప్పే చరిత్ర మంచిదే, దాన్ని మనం పద్యంలోకి తెస్తున్నామని ఒప్పుకుంటే చాలు.

న్యాయవాది:
పద్యాన్ని ఉపన్యాసం మొదట పెట్టేముందు, ఈ పద్యం మన ఊళ్లలో ఎవరి మీద ప్రయోగమవుతూ వచ్చిందో కూడా ఆలోచించాలని మనవి చేస్తున్నాను. తక్కువ కులంలో పుట్టినవాడు పదవిలోకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ పాదం చదవడం నేను స్వయంగా విన్నాను. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్న సామెతదీ అదే వాడకం. శాస్త్రం పేరుతో ఇదే మాట న్యాయస్థానంలో కూడా పలికింది. 1927లో బక్ వర్సెస్ బెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కారీ బక్ అనే యువతికి బలవంతంగా సంతానం కలగకుండా చేయడం చెల్లుతుందని తీర్పు చెప్పింది. తల్లి, ఆమె, ఆమె పసిబిడ్డ ముగ్గురూ మందమతులేనని భావించి, మూడు తరాలు చాలునని న్యాయమూర్తి హోమ్స్ రాశాడు. ఆ పసిబిడ్డ వివియన్ ఆ తర్వాత బడిలో చేరి, మంచి మార్కుల వారి జాబితాలోకి కూడా ఎక్కి, ఎనిమిదేళ్ల వయసులో జబ్బు చేసి చనిపోయింది. ఆ తరహా చట్టాల కింద అమెరికాలో శస్త్రచికిత్సకు గురైనవారు 60,000కు పైనే. "వెనుకటి గుణం" అన్న మాటను చట్టం నమ్మితే జరిగేది అది.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు:
న్యాయవాది గారు చెప్పినది ఉపన్యాసంలో తప్పక ఉండాలి. దానికి పక్కన ఇంకొకటి కూడా పెట్టమని కోరుతున్నాను. 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ రక్తవర్గాలు, ప్రొటీన్ల తేడాలను లెక్కగట్టి, మానవజాతి మొత్తంలో కనిపించే జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒక్కొక్క జనసమూహం లోపలే ఉందని చూపాడు. జాతికంతటికీ ఒక అచ్చు ఉన్నదనీ, మనుషులందరూ ఆ అచ్చుకు మంచి చెడ్డ నకళ్లనీ అనుకోవడం డార్విన్‌కు ముందటి ఆలోచన. డార్విన్ తర్వాత వైవిధ్యమే అసలు సంగతి. ఎంపికకు పనిచేయడానికి అది కావాలి. "గుణము" అని పద్యం ఏకవచనంలో అన్నది. అభ్యంతరం చెప్పవలసిన చోటు నాకు అదే.

తెలుగు మాస్టారు:
ఏకవచనం ఛందస్సు కోసం వచ్చినది, దాని మీద సిద్ధాంతం కట్టకండి అమ్మా. గుణం మారదనే పద్యాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తెలుగువారి అభిప్రాయం ఇదేనంటే వేమనకు అన్యాయం చేసినవారమవుతాము. "తినగ తినగ వేము తియ్యనుండు" అన్న పాదం అందరికీ వచ్చు. చేదు మారదు, నాలుక మారుతుంది; "సాధనమున పనులు సమకూరు ధరలోన" అని ఆయన తేల్చాడు. కంద పద్యం గుణాన్ని చూసింది, ఆటవెలది అభ్యాసాన్ని చూసింది. పరిణామం గురించిన ఉపన్యాసానికి ఈ రెండు పద్యాల మధ్య పేచీ మంచి మొదలు.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు:
వేము దగ్గరికి వచ్చారు కనుక చేదు గురించి చెప్పకుండా ఉండలేను. చేదును పట్టే శక్తి విషపు ఆకుల నుంచి కాపాడే కావలి. పసిపిల్లలు కాకరకాయను ఉమ్మేయడం వెనుక ఉన్నది అదే. ఆ కావలి కూడా అందరిలో ఒకేలా లేదు. 1931లో రసాయనశాస్త్రవేత్త ఆర్థర్ ఫాక్స్ ప్రయోగశాలలో ఫినైల్ థయోకార్బమైడ్ అనే రసాయనం పొడి గాలిలోకి లేచినప్పుడు పక్కనున్నవాడికి నోరు చేదెక్కింది, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. 1939లో శాస్త్రవేత్తలు రోనాల్డ్ ఫిషర్, ఫోర్డ్, జూలియన్ హక్స్‌లీ కలిసి చింపాంజీలకు ఆ చేదు నీళ్లు రుచి చూపించారు. వాటిలోనూ చేదు తెలిసేవి కొన్ని, తెలియనివి కొన్ని ఉన్నాయి. అంటే ఈ తేడా మనకూ వాటికీ ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చినదని వారు తీర్మానించారు. అంతకన్నా "వెనుకటి" గుణం ఏముంటుంది? కాని 2006లో ఆ చేదును పట్టే జన్యువును చదివి చూస్తే, చేదు తెలియకపోవడానికి కారణమైన మార్పు చింపాంజీలలో ఒకటి, మనలో వేరొకటి. రెండు వంశాలలోనూ విడివిడిగా వచ్చింది. మనిషి ప్రవర్తనలో ఏదైనా కోతిలో కనిపించగానే అది వెనుకటిదని తేల్చేసే వారందరూ ఈ కథను గుర్తుంచుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక గుణానికీ అభ్యాసానికీ పేచీ అన్నారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు సుసాన్ మినేకా, మైకేల్ కుక్ 1980లలో రీసస్ కోతులతో చేసిన ప్రయోగాలు చూడండి. ప్రయోగశాలలో పెరిగిన కోతికి పాము అంటే భయం లేదు. ఇంకొక కోతి పామును చూసి బెదిరిపోవడం వీడియోలో చూస్తే చాలు, భయం నేర్చుకుంటుంది. అదే బెదురును పువ్వును చూసి బెదిరినట్టుగా వీడియోను అతికి చూపిస్తే నేర్చుకోదు. భయం పుట్టుకతో రాలేదు, కాని ఏది తొందరగా నేర్చుకోవాలన్నది పుట్టుకతో వచ్చింది. కందాన్నీ ఆటవెలదినీ విడదీసి పేచీ పెట్టడం ఈ కోతుల విషయంలో సాధ్యం కాదు.

సంస్కృతం చదువుకున్న సభ్యుడు:
నేర్చుకోవడం, పుట్టుక అన్న మాటలు వచ్చాయి కనుక ప్రహ్లాదుడిని తలచుకోకుండా ఎలా? రాక్షసులనే చందనవనంలో ముళ్లచెట్టు పుట్టిందని తండ్రి పక్షం వారు అంటారు. వంశగుణం తప్పిన బిడ్డ అన్నమాట. ఆ బిడ్డ చేత పోతన పలికించిన మాట "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు". పుట్టుకతో రాని స్వభావాన్ని కూడా మానరానిదిగా చెప్పడం ఇక్కడి అందం. ఈ "మదనములు" అంటే ఉమ్మెత్తలని సాధారణంగా చెబుతారు. వ్యాఖ్యానం లేకుండా చదివే పిల్లలు మన్మథుడి వైపు వెళ్లిపోతారు.

తెలుగు మాస్టారు:
ఉమ్మెత్తే. మందారం దగ్గర మకరందం, మాధుర్యం చెప్పిన కవి రెండోవైపు ఇంకేమీ చెప్పకుండా ఒట్టి పేరుతో వదిలేయడంలోనే తిరస్కారం ఉంది. మన్మథుడిని తెస్తే "పోవునే" అన్న బహిరంగ నిరాకరణ చప్పబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నా "మాన్పు" సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మేడమ్ చెప్పిన దాన్ని బట్టి చూస్తే మూడు వాక్యాలు ఉన్నట్టున్నాయి: సింహాసనం గుణాన్ని మాన్పుతుందా, కుక్క గుణాన్ని మానుతుందా, గుణమే మానుతుందా. మూడింటికీ ఒకే జవాబు రాదు. బెల్యాయెవ్ బృందం పెంపకం వల్ల వచ్చినదేదో, పుట్టుకతో వచ్చినదేదో విడదీయడానికి మొండి నక్కల పిండాలను సాధు నక్కల గర్భంలో పెంచి కూడా చూసిందని చదివాను. పిల్లలు మోసిన తల్లి గుణాన్ని కాక, పిండం ఎవరిదో ఆ తల్లి గుణాన్నే చూపాయట. అది "మాన్పు"కు "లేదు" అన్న జవాబే. మీ కోతులు మాత్రం "అవును" అంటున్నాయి.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు:
కోతులు పూర్తిగా "అవును" అనలేదు, పువ్వు దగ్గర ఆగిపోయాయి. ఒక్కొక్క గుణానికీ విడిగా అడగవలసిన ప్రశ్న ఇది. అందుకే "గుణము" అన్న ఏకవచనం దగ్గర నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోవడం లేదు.

తెలుగు మాస్టారు:
నేనూ "మాను" నుంచి కదలడం లేదు. "పట్టముఁ గట్టిన" అన్నచోట "కట్టినప్పటికీ" అనే అర్థం ఇమిడి ఉంది. కట్టినప్పటికీ కుక్క మానదని అన్వయం సూటిగా నడుస్తుంది. "మాన్పు" పెడితే కర్త కోసం పాఠకుడు మూడో పాదంలోకి వెనక్కి వెళ్లి, "పట్టము"ను పైకి లాగవలసి వస్తుంది. పాత శతక సంపుటాలలో ఎక్కడైనా ఆ పాఠం అచ్చయి ఉంటే చూపించండి, అప్పుడు మాట్లాడదాం.