పెంపుడు జంతువులున్న ఫ్లాటును కొనేవారికి చూపించడం ఎలా?

ప్రశ్న (వేళచ్చేరి నుంచి)

నమస్కారం. చెన్నై వేళచ్చేరిలో మూడో అంతస్తులో ఉన్న మా రెండు పడకగదుల ఫ్లాటును అమ్మకానికి పెట్టాము. ఇంట్లో తొమ్మిదేళ్ల లాబ్రడార్ ఒకటి, పిల్లులు రెండు ఉన్నాయి. తమిళుల ఆడి నెలలో (మన ఆషాఢంలాగే) ఇక్కడ చాలామంది కొనుగోలు ఊసెత్తరు కనుక, తరువాతి నెల ఆవణి రాగానే బ్రోకరు ఆదివారాల్లో మనుషులను తీసుకురావడం మొదలుపెట్టారు. మొదట వచ్చిన దంపతులు హాల్లో అడుగుపెడుతూనే ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వంటగది వైపైనా వెళ్లకుండా మెట్లు దిగిపోయారు. ఆ ఉదయమే నేను ఫినాయిల్‌తో తుడిచి సాంబ్రాణి వేశాను. నాకైతే ఇల్లు గుడిలా ఉందనిపించింది. మరుసటి వారం వచ్చిన పెద్దాయన లిఫ్టు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "కుక్క ఉందా అమ్మా?" అని అడిగారు. అప్పుడది పడకగదిలో తలుపు వెనుక ఉంది. వాసనకు ఏమి చేయాలో, వాటిని ఎక్కడ ఉంచాలో, అసలు ఉన్నాయని చెప్పాలో వద్దో అనుభవమున్నవారు తెలియజేయగలరు.

జవాబు (పెరంబూరు నుంచి)

సాంబ్రాణి ముందు ఆపండి. వాసన మీద వాసన వేస్తే, ఏదో దాస్తున్నారన్న అనుమానమే వచ్చినవారికి మొదట కలుగుతుంది. రోజూ పీల్చే గాలిని మన ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది కాబట్టి, నెలకు పైగా మీ ఇంటికి రాని బంధువును ఒకరిని, రాత్రి వాన పడిన మరునాటి ఉదయం, కిటికీలు తెరవకముందే పిలిచి వాసన ఎక్కడుందో చూడమనండి.

వాననే ఎందుకు అడుగుతున్నానంటే, పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లం ఆరిపోయాక స్ఫటికాలుగా మారి పలకల సందుల్లోని సిమెంటులో ఉండిపోతుంది. అది నీటిలో సరిగా కరగదు, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్లీ వాసన లేస్తుంది. చెన్నై గాలి సంగతి మీకు తెలియనిది కాదు. దీపాలార్పి అతినీలలోహిత టార్చి వేస్తే ఆ మరకలు మెరుస్తాయి. మా ఇంట్లో సోఫా వెనుక, గోడ అడుగున పలక అతుకు వెంట, జానెడు పొడవున పసుపు చార కనిపించింది. ఏళ్ల తరబడి సోఫాను కదపని ఫలితం. అక్కడ ముందు మంచినీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైము ద్రావణాన్ని బాగా నానేలా పోసి, సీసాపై రాసినంతసేపు తుడవకుండా వదిలేశాము. బ్లీచింగ్ మాత్రం ఆ మరకల మీద వేయకండి, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి విషవాయువు పుడుతుంది. నిమ్మరసం, వెనిగర్ పాలరాతిని తినేస్తాయి. ఫినాయిల్ నేలపై నడిచిన పిల్లి పాదాలు నాకుతుంది, ఫినాల్ రకం పదార్థాలను దాని కాలేయం వదిలించుకోలేదు. ఇల్లు అమ్ముడైనా కాకపోయినా దాన్ని మానడం మంచిది. ఏసీ వడపోత జల్లెడ కూడా తీసి చూడండి, మాకు దాని నిండా బొచ్చే.

జవాబు (అడయారు నుంచి)

కుక్కను గదిలో బంధించడం పొరపాటండీ. కొనేవారు ప్రతి గదీ చూడాలంటారు, లోపల అది మొరుగుతుంది, తలుపు తీయకపోతే ఆ గదిలో ఏ లోపముందోనని వారు అనుకుంటారు. అలాగని మూసిన కారులో ఉంచవద్దు; మన ఎండకు కొద్ది నిమిషాల్లోనే కారు లోపల ప్రాణాపాయకరంగా వేడెక్కుతుంది. ఉదయం 7 నుంచి 9 లోపే రమ్మని బ్రోకరుకు ఖచ్చితంగా చెప్పి, ఆ వేళకు ఇంట్లో ఒకరు దాన్ని నడకకు తీసుకెళితే సరిపోతుంది. పిల్లుల సంగతి వేరు: కొత్త మనుషులకు బెదిరి, తెరిచిన వీధి తలుపులోంచి జారిపోతాయి. రెండు వారాల ముందు నుంచే వాటిని మోసుకెళ్లే బుట్టను హాల్లో తెరిచి ఉంచి అందులోనే అన్నం పెడితే, ఆ రోజున వాటిని బుట్టలోకి ఎక్కించడానికి కుస్తీ పట్టనక్కరలేదు. తలుపు మీది గోళ్ల గీతలకు కర్ర పుట్టీ, పాలిష్ చాలు.

జవాబు (అంబత్తూరు నుంచి)

వాటిని బయటికి పంపడం వరకు సరే గాని, లేవని చెప్పడాన్ని నేను ఒప్పుకోను. పిల్లి నుంచి వచ్చే, ఎలర్జీ కలిగించే ప్రోటీను, పిల్లి వెళ్లిపోయాక కూడా నెలల తరబడి ఇంట్లో నిలిచి ఉంటుంది. కొనేవారి ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్ల ఉంటే, అడ్వాన్సు ఇచ్చాక తెలియడం కంటే ముందే తెలియడం ఇద్దరికీ మేలు. ఇంకొక సంగతి, కుక్కలున్నవారే మీకు మంచి బేరం కావచ్చు. అపార్టుమెంటు సంఘం మెజారిటీ ఓటుతోనైనా పెంపుడు జంతువులను నిషేధించరాదని జంతు సంక్షేమ మండలి (అప్పట్లో అది మన తిరువాన్మియూరులోనే ఉండేది) 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ భవనంలో తొమ్మిదేళ్లుగా కుక్క గొడవ లేకుండా ఉందన్న మాటను, అలాంటి ఇల్లు వెతుక్కునేవారికి బ్రోకరు చేత ముందే చెప్పించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మొన్న వాన పడిన మరునాడు మా ఆడపడుచును పిలిచాను. ఆమె హాలు దాకా రాకుండా గుమ్మంలోనే ఆగి, చెప్పుల అలమర వైపు చూపించింది. దాన్ని జరిపితే అడుగు చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయి ఉంది. పిల్లి పని అక్కడన్నమాట, ఇన్నాళ్లూ నేను కుక్కను నిందించాను. అలమరను పారేసి, కింది పలకలకు ఎంజైము ద్రావణం రెండుసార్లు పోశాము. ఈ ఆదివారం 8 గంటలకు ఒక కుటుంబం వస్తున్నది. ఇంట్లో జంతువులున్నాయని బ్రోకరు చెబితే, "మాకూ ఒకటుంది, లిఫ్టులో తీసుకెళ్లనిస్తారా?" అని అడిగారట.