షిమానో లీవర్, స్రామ్ డిరేలర్: మధ్య గేర్లు సరే, చివరివే మొండికేస్తున్నాయి

సందేహం:
మొన్న సైకిల్ మీద నుంచి పడ్డాను. నాకేం కాలేదు గానీ వెనక డిరేలర్ (చెయిన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది) విరిగింది. గేర్లు మార్చే లీవర్లు షిమానో 105, 11-స్పీడ్, అంటే వెనక పదకొండు గేర్లు. వెనక పళ్ళచక్రాల గుత్తి, అదే కేసెట్టూ షిమానోదే. స్నేహితుడి దగ్గర స్రామ్ రైవల్ 11-స్పీడ్ డిరేలర్ ఊరికే పడుంటే, రెండూ పదకొండే కదా అని తెచ్చి బిగించేశాను. మధ్య గేర్లు చక్కగా పడుతున్నాయి. చిన్న పళ్ళచక్రాల వైపు సరిచేస్తే పెద్దవాటి దగ్గర టకటక, పెద్దవాటికి సరిచేస్తే చిన్నవాటి మీద చెయిన్ గెంతుతోంది. కేబుల్ కొత్తదే. కేసెట్ కూడా స్రామ్‌ది వేయమంటున్నారు. వేయాలా?

జవాబు:
కేసెట్ జోలికి పోకండి, డబ్బు దండగ. 11-స్పీడ్‌లో షిమానో, స్రామ్, కాంపాగ్నోలో కేసెట్ల పళ్ళచక్రాల ఎడంలో తేడా పిసరంత. చెయిన్ వేరే కంపెనీది, కేఎమ్‌సీ వేసినా పట్టింపు లేదు. పొత్తు కుదరాల్సింది లీవర్‌కీ వెనక డిరేలర్‌కీ.

లెక్క చూడండి. మీ లీవర్ క్లిక్‌కి సుమారు 2.7 మి.మీ. కేబుల్ లాగుతుంది. షిమానో 11-స్పీడ్ రోడ్ డిరేలర్ దానికి 1.4 రెట్లు, అంటే దాదాపు 3.8 మి.మీ. పక్కకి జరుగుతుంది. పళ్ళచక్రాల ఎడమూ ఇంచుమించు అంతే. స్రామ్‌ది 1.3 రెట్లే, 3.5 దగ్గర ఆగిపోతుంది. ప్రతి క్లిక్‌కీ పావు మిల్లీమీటరు బాకీ. మధ్య గేర్‌లో సరిచేశారనుకోండి, అటు అయిదు, ఇటు అయిదు క్లిక్కులు వెళ్ళేసరికి ఆ బాకీ మిల్లీమీటరు దాటుతుంది. కేబుల్ బిగువు మార్చే అడ్జస్టర్ ఎంత తిప్పినా బాకీ ఈ చివర నుంచి ఆ చివరకి మారుతుందంతే, తీరదు.

మరొకరు:
పైన చెప్పింది నిజం. ఒకే కంపెనీ అయినంత మాత్రాన కూడా కుదరదు. షిమానో వారి టియాగ్రా 4600, 4700 రెండూ 10-స్పీడే, పేరూ ఒకటే. కానీ 4700 కేబుల్ లాగుడు 11-స్పీడ్ లెక్కన ఉంటుంది. పాత 10-స్పీడ్ లీవర్‌తో అది పని చేయదు. మీకు మాత్రం అదే లాభం: 105 దొరక్కపోతే 4700 డిరేలర్ మీ లీవర్‌కి సరిపోతుంది.

చెయిన్ ఏదైనా పర్లేదన్న మాట 11-స్పీడ్ వరకే. స్రామ్ 12-స్పీడ్ రోడ్ ఫ్లాట్‌టాప్ చెయిన్ రోలర్లు లావు, వేరే కంపెనీ పళ్ళమీద సరిగా కూర్చోవు.

అడిగినవారు:
105 డిరేలరే దొరికింది అన్నా, గేర్లన్నీ వరసగా పడుతున్నాయి. అన్నిటికన్నా పెద్ద చక్రం దగ్గర మాత్రం ఇంకా సన్నగా రుద్దుతోంది. కేసెట్టేనేమో?

జవాబు:
కేసెట్‌ని వదలరా! మీరు పడ్డారు కదా, హ్యాంగర్ (డిరేలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) చూశారా? సైకిల్ వెనక కూర్చుని చూడండి. డిరేలర్ గిలకలు రెండూ, చెయిన్ ఎక్కిన పళ్ళచక్రం ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది గిలక స్పోకుల వైపు వాలితే హ్యాంగర్ వంగినట్టే. అది తేలేదాకా ఆ పెద్ద చక్రం వేయకండి. డిరేలర్ స్పోకుల్లో చిక్కుకుందంటే సైకిల్ వెనక చక్రంతో పాటు ఫ్రేమూ పోవచ్చు.

అడిగినవారు:
వాలింది. చిటికెన వేలు మందం.