‘దండం దశగుణం భవేత్’: కర్రను గురించిన శ్లోకం, జరిమానాను గురించిన వాదం

హెల్మెట్ లేని ప్రయాణానికి జరిమానా భారీగా ఉండాలని సమర్థిస్తూ ఇక్కడ ఒక సభ్యులు ‘దండం దశగుణం భవేత్’ అన్న మాటను ఉదాహరించి, శిక్షను పది రెట్లు చేస్తే తప్పులు తగ్గుతాయని మన పెద్దలు ఏనాడో చెప్పారని రాశారు. ఆ శ్లోకానికి ఆ అర్థం లేదని, ఉన్నా ఆ వాదం నిలవదని నా అభిప్రాయం. శ్లోకం పూర్తిగా ఇది:

విశ్వామిత్రాహిపశుషు కర్దమేషు జలేషు చ
అంధే తమసి వార్ధక్యే దండం దశగుణం భవేత్

మొదటి సమాసం వినగానే విశ్వామిత్రుడు గుర్తుకు వస్తాడు గాని, ఇక్కడ ఆయన ప్రసక్తి లేదు. వి అంటే పక్షి, శ్వ అంటే కుక్క, అమిత్రుడు శత్రువు, అహి పాము, ఆపైన పశువు. ఈ ఐదింటికి బురద, నీరు, గుడ్డితనం, చీకటి, ముసలితనం చేరిస్తే పది అవుతాయి. ఈ పది సందర్భాల్లోనూ చేతికర్ర అక్కరకు వస్తుందని తాత్పర్యం. సంఖ్య తరువాత వచ్చే గుణశబ్దానికి ‘రెట్లు’ అనే అర్థం ఉన్నమాట నిజమే. ఆనందం ద్విగుణీకృతమైంది అని నేటికీ రాస్తున్నాం. కాని కర్ర పనికివచ్చే పది సందర్భాలనూ శ్లోకమే లెక్కపెట్టి చెప్పింది కనుక, ఆ అర్థానికి ఇక్కడ చోటు లేదు. మొదటి మూడు పాదాలు మరుగున పడి చివరి పాదం ఒక్కటే సామెతగా మిగలడంతో, దండం అంటే కర్ర అన్న స్పృహ పోయి శిక్ష అన్న అర్థం స్థిరపడింది.

ఇక జరిమానా విషయం. మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలు 2019 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చినప్పుడు హెల్మెట్ లేనందుకు 100 రూపాయలుగా ఉన్న జరిమానా 1,000 అయింది; లైసెన్సు లేకుండా బండి నడిపితే 500 ఉన్నది 5,000 అయింది. సరిగ్గా పది రెట్లే. దీని ఫలితాన్ని అంచనా వేయడానికి అమెరికన్ ఆర్థికవేత్త గేరీ బెకర్ 1968లో ప్రతిపాదించిన లెక్క ఉపయోగపడుతుంది. తప్పు చేయబోయే మనిషికి శిక్ష బరువు అంటే చట్టంలో రాసిన మొత్తం కాదు, ఆ మొత్తాన్ని పట్టుబడే అవకాశంతో గుణిస్తే వచ్చేది. వెయ్యి ప్రయాణాల్లో ఒక్కసారి పట్టుబడతాడనుకుంటే, 100 రూపాయల జరిమానా ప్రయాణానికి పది పైసలతో సమానం. దాన్ని 1,000 చేస్తే రూపాయి అవుతుంది. జరిమానాను కదపకుండా వెయ్యిలో పదిసార్లు పట్టుకున్నా అదే రూపాయి. కాగితం మీద రెండు దారులూ ఒకటే అయినా, పోలీసులనూ కెమెరాలనూ పెంచడానికి డబ్బు కావాలి, చట్టంలో అంకె మార్చడానికి అక్కరలేదు. ప్రభుత్వాలు అంకె వైపు మొగ్గడానికి ఇదే కారణం.

ఆచరణలో జరిమానా మొత్తం, పట్టుబడే అవకాశం అన్న ఆ రెండు సంఖ్యలు ఒకదానినొకటి అంటకుండా ఉండవు. 100 కట్టవలసినవాడు రసీదు తీసుకుని వెళ్లిపోతాడు. 1,000 కట్టవలసినవాడికి అందులో కొంత చేతిలో పెట్టి బయటపడాలన్న ఆశ పుడుతుంది, ఎదుటివాడికీ పుడుతుంది. శిక్ష మరీ బరువైతే దాన్ని వేయవలసినవారే వెనకాడతారు. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఇంట్లో 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరిశిక్ష ఉండేది గనుక, నిందితుణ్ణి కాపాడదలచిన జ్యూరీలు ఆ సొత్తు విలువ 39 షిల్లింగులేనని తీర్పు చెప్పేవి. మన దగ్గర గుజరాత్ ప్రభుత్వం సవరణ అమలైన నెలలోనే హెల్మెట్ జరిమానాను 500కు తగ్గించింది. రేట్ల సంగతి అలా ఉంచితే, వసూలు కూడా ముఖ్యమే: తెలంగాణలో పేరుకుపోయిన చలాన్ల మీద 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం రాయితీ ఇచ్చారు, 2023 డిసెంబరులో మళ్లీ రాయితీ ప్రకటించారు. బాకీలు కొంత వసూలై ఉండవచ్చు గాని, వెంటనే కట్టినవాడు నష్టపోయాడు, ఆగినవాడు లాభపడ్డాడు. తరువాతి చలాను వచ్చినప్పుడు ఇద్దరూ దీన్ని గుర్తుంచుకుంటారు.

శ్లోకంలోని కర్ర కూడా పొడవు వల్ల పనికిరావడం లేదు, ఎప్పుడూ వెంట ఉండడం వల్ల పనికివస్తున్నది. శిక్షను గురించే ప్రమాణవాక్యం కావాలనుకునేవారికి కౌటిల్యుడి అర్థశాస్త్రం మొదటి అధికరణంలో సూటిగా ఉంది: తీక్ష్ణంగా దండించేవాడు ప్రజలను బెదరగొడతాడు, మృదువుగా దండించేవాడు చులకన అవుతాడు, ‘యథార్హదండః పూజ్యతే’, అంటే తగినట్టుగా దండించేవాడు గౌరవం పొందుతాడు. హెల్మెట్ చర్చలో ఉదాహరించవలసినది ఈ వాక్యాన్ని. ఆ ‘తగినట్టు’ అన్నదానిలో జరిమానా మొత్తంతో పాటు అది ఎంత తప్పకుండా, ఎంత త్వరగా పడుతుందన్నది కూడా చేరాలని నేను భావిస్తున్నాను. అర్థశాస్త్ర వ్యాఖ్యానాలు చదివిన సభ్యులు ‘యథార్హ’ శబ్దాన్ని ఇంత విస్తృతంగా తీసుకోవచ్చునో లేదో చెప్పగోరుతాను.