తుపాకీ కేసులో నేరం ఒప్పుకున్నాక అప్పీల్ ఉంటుందా? (న్యూయార్క్)

గోదారిగట్టు: మా పెద్దమ్మ మనవడు, గ్రీన్‌కార్డు ఉంది. కారులో లైసెన్సు లేని పిస్టల్ దొరికింది. నేరం ఒప్పుకుంటే జైలు లేకుండా ప్రొబేషన్ (షరతుల మీద బయట ఉండటం) అన్నారు, ఒప్పుకున్నాడు. తర్వాత ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గర హాజరు మానేశాడు, చెప్పకుండా న్యూజెర్సీ వెళ్ళొచ్చాడు. ఇప్పుడు ప్రొబేషన్ రద్దు చేసి జైలు వేశారు. అప్పీల్ వేయొచ్చా? లాయర్ ఫీజుకి సాయం చేయగలిగితే చెప్పండి.

ఓరుగల్లు శ్రీను: అప్పీల్ వదులుకుంటున్నానని సంతకం పెట్టాడా? పెడితే కథ అయిపోయింది.

పద్మజ: అయిపోలేదండీ. నేరం ఒప్పుకున్నప్పటిది, ఇప్పుడు ప్రొబేషన్ రద్దు చేసింది, ఇవి రెండు వేరు వేరు తీర్పులు. ప్రొబేషన్ రద్దు మీద 30 రోజుల్లో అప్పీల్ నోటీసు వేయాలి. కానీ అందులో మొదటి ఒప్పుకోలు చెల్లదని వాదించనివ్వరు. దానికి 440 మోషన్ అని, ఆ తీర్పు కొట్టేయమని అడిగే అర్జీ, శిక్ష వేసిన కోర్టులోనే వేరేగా వేయాలి. ఇక సంతకం సంగతి: పెట్టినా సరే, క్లయింటు అప్పీల్ వేయమంటే లాయర్ నోటీసు వేయాల్సిందేనని 2019లో గార్జా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

శ్రీను: లాయర్ వేయాలని చెప్పింది, గెలుస్తారని చెప్పలేదుగా! సంతకం సంతకమే. మా తమ్ముడు గ్యాస్ స్టేషన్‌లో పనిచేసేటప్పుడు ఒకడు మొహం మీద తుపాకీ పెట్టాడు. వాడూ ప్రొబేషన్‌లో ఉన్నవాడే. ఇప్పటికీ తమ్ముడు రాత్రి షిఫ్ట్ చేయడు.

కొత్తబాబు: క్రిమినల్ లాయర్‌నీ ఇమిగ్రేషన్ లాయర్‌నీ ఇద్దరినీ కలవండి.

గోదారిగట్టు: మీ తమ్ముడి మీద తుపాకీ పెట్టింది మావాడా? ఒప్పుకునే ముందు "గ్రీన్‌కార్డుకి ఏమీ కాదు" అన్నాడు వాడి లాయర్. ఆ మాట నమ్మే సంతకం పెట్టాడు.

పద్మజ: అసలు విషయం ఇదే, మొదటే రాయాల్సింది! తుపాకీ నేరం రుజువైతే గ్రీన్‌కార్డు ఉన్నా దేశం నుంచి పంపేయొచ్చు. పడీయా అనే ఆయన వియత్నాంలో ఈ దేశం తరఫున యుద్ధం చేసినవాడు. గంజాయి కేసులో ఆయన లాయరూ ఇలాగే భరోసా ఇచ్చాడు. అది లాయర్ తప్పేనని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే సరైన సలహా అందుంటే ఒప్పుకునేవాణ్ణి కాదని మీవాడు చూపించాలి.

శ్రీను: ప్రొబేషన్ ఎగ్గొట్టమని కూడా లాయరే చెప్పాడా? మేం హెచ్‌1 మీద ఏళ్ళ తరబడి క్యూలో ఉన్నాం. స్పీడింగ్ టికెట్ వస్తే నిద్ర పట్టదు. వీడికి కార్డు చేతికొచ్చాక తుపాకీ పట్టుకు తిరిగాడు. పైగా మేం చందాలు వేయాలి!

గోదారిగట్టు: అదీ అసలు బాధ. చట్టం పేరు ఎందుకు తెచ్చారు మరి?

శ్రీను: అవును, బాధే. దాచుకోను.

పద్మజ: గోదారిగట్టు గారూ, జైలు శిక్ష ఏ రోజు వేశారు?

గోదారిగట్టు: మూడు వారాలు దాటింది.

పద్మజ: అయితే రేపే నోటీసు వేయించండి. దానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. డబ్బు కట్టలేకపోతే కోర్టే అప్పీల్‌కి లాయర్‌ని ఇస్తుంది, అడగండి.

శ్రీను: అది చేయండి. చందా మాత్రం నన్ను అడగొద్దు.