ఒక్కసారే వచ్చి వెళ్లే విద్యార్థితో మాట ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న:
నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కౌన్సెలర్‌ను. నా దగ్గరకు వచ్చే విద్యార్థుల్లో చాలామంది ఒక్కసారి వచ్చి మళ్లీ కనబడరు. కుటుంబం, చదువు, నిద్ర, ఆరోగ్యం అన్నీ అడిగి రాసుకునేసరికే 45 నిమిషాల్లో 30 గడిచిపోతున్నాయి. ఇక రాకపోవచ్చు అనుకున్న వ్యక్తితో మీరు ఎలా ఆరంభిస్తారు?

జవాబు 1:
మళ్లీ రాకపోవడాన్ని వైఫల్యంగా లెక్కించకండి. 1980లలో కాలిఫోర్నియాలోని కైసర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థలో పనిచేసిన మనస్తత్వవేత్త మోషే టాల్మన్, తన దగ్గరకు ఒక్కసారే వచ్చి ఆగిపోయిన 200 మందిని తిరిగి పలకరిస్తే, వారిలో 78 శాతం మంది తమకు మేలు జరిగిందనే చెప్పారు. అక్కడినుంచి పెరిగిన ఏకసెషన్ థెరపీలో, అంటే ప్రతి కలయికనూ అదొక్కటే కావచ్చన్నట్టు నడిపే పద్ధతిలో, ఆరంభం గతచరిత్రతో కాదు, ఆ రోజు కావలసినదానితో ఉంటుంది. నేను అడిగేది దాదాపు ఇలా ఉంటుంది: "ఈ గదినుంచి వెళ్లేటప్పుడు ఏ ఒక్క విషయం తేలితే, వచ్చినందుకు ఫలితం దక్కిందనుకుంటారు?" మిగిలిన వివరాలు ఆ జవాబుకు అవసరమైనంతవరకే అడుగుతాను.

జవాబు 2:
దీనితో ఏకీభవిస్తాను కానీ, అంతకుముందే చెప్పవలసిన మాట ఒకటుంది. ఇక్కడ చెప్పింది హెచ్‌ఓడీకో ఇంటికో చేరుతుందేమోనన్న భయంతోనే మన పిల్లలు కుర్చీలో కూర్చుంటారు. గోప్యత ఎంతవరకో, ప్రాణాపాయం ఉన్నప్పుడు దానికి మినహాయింపు ఎందుకో మొదటి రెండు నిమిషాల్లోనే స్పష్టం చేయాలి. సమయం తక్కువన్న కారణంతో ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం మానకూడదు. వెళ్లేటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఇవ్వాలి. "ఇదే మీకు చివరి అవకాశం" అని ధ్వనించేలా మాత్రం మాట్లాడవద్దు, అవసరమైతే మళ్లీ రావచ్చని చెప్పండి.

ప్రశ్నించినవారు:
ఏం కావాలని అడిగితే "మీరే చెప్పండి మేడమ్" అంటారే!

జవాబు 1:
నాకూ తరచుగా ఎదురయ్యే జవాబే. అది మొండితనం కాదు. మిమ్మల్ని ఉపాధ్యాయురాలిగా చూసే అలవాటు. అప్పుడు ప్రశ్నను చిన్నది చేస్తాను: "రావాలని అనుకున్న రోజునుంచి ఇవాళ్టిదాకా ఏమైనా కాస్త మారిందా? ఇంతవరకు చేసినవాటిలో ఏది కొంచెమైనా పనికొచ్చింది?" ఒక విద్యార్థి చాలాసేపు ఆలోచించి, బ్యాక్‌లాగ్‌ల (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టుల) సంగతి నాన్నకు ఫోన్‌లో చెప్పాలా, ఇంటికి వెళ్లాక చెప్పాలా అన్నది తేలితే చాలన్నాడు. మిగిలిన అరగంటా మేము దాని గురించే మాట్లాడుకున్నాము.